ఢిల్లీ కారు ఎందుకు అగ్గువ?

పత్తి పైసలు చేతికి రాంగనే మా దిక్కు ఊర్లల్ల సెకండ్ హ్యాండ్ కార్ల ముచ్చట మొదలైతది. ‘అన్నా, ఢిల్లీ బండి, మస్తు అగ్గువ, తెచ్చుకోమంటవా?’ అని ఫోన్ల రీల్స్ జూపెట్టి నన్ను అడిగెటోళ్లు ఎక్కువైన్రు.

అగ్గువ అనుడు అబద్ధమేం గాదు. గాలి ఖరాబైతుందని 2014, 2015ల జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆర్డర్లు ఇచ్చింది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలల్ల పదేండ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేండ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగొద్దన్నది. 2018ల సుప్రీంకోర్టు గూడ అదే ఖాయం జేసింది. 2025ల కొంత సడలింపు ఇచ్చినా జనాలకు భయం పోలే. 2016ల కొన్న డీజిల్ కారునే తీసుకోర్రి. అక్కడ 2026కే దాని పని ఖతం అంటరు. ఇక్కడ రిజిస్ట్రేషన్ 2031 దాక నడుస్తది. అమ్మెటోనికి తొందర, మనకు ఆశ. అందుకే రేటు పడ్డది.

ఇగ మన దిక్కు డీజిల్‌కు గిరాకీ ఎందుకున్నదంటరా? 2020 ఏప్రిల్‌ల బీఎస్-6 రూల్ రాంగనే మారుతి డీజిల్ కార్లు చేసుడే బంద్ వెట్టింది. కొత్త స్విఫ్ట్ డీజిల్ ఏ షోరూంల దొరకది. మైలేజీ కావాల్నంటే పాతదే దిక్కు. అక్కడ వద్దన్న బండే ఇక్కడ బంగారమైంది. నడుమల దళారి బతుకుతుండు.

గని ఢిల్లీల చెప్పిన రేటు మన ఇంటి ముందటికొచ్చేసరికి అట్లనే ఉండదు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలె. పన్నెండు నెలలకంటే ఎక్కువ ఇక్కడ ఉంచితే మోటారు చట్టం ప్రకారం నంబర్ మార్చుకోవాలె. మన లైఫ్ ట్యాక్స్ మల్ల కట్టాలె. అక్కడ కట్టిన ట్యాక్స్ వాపస్ అడగొచ్చంటరు, ఆ ఆఫీసు సుట్టు తిరిగెటోడెవడు? బండి తెచ్చే డీజిల్, టోల్ ఖర్చులు వేరే. ఇవన్నీ కలిపినంక గూడ ఇక్కడి రేటుకంటె తక్కువ వడితేనే లాభం. చానమంది ఈ లెక్క బండి దిగినంక జేస్తరు.

ఇంకో ముచ్చట. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తదాని రేటు దిగితే పాతదాని రేటు గూడ దిగాలె గదా. అమ్మెటోళ్లు మాత్రం ఇంకా అప్పటి షోరూం బిల్లే జూపెడుతున్నరు. ఇయ్యాల్టి రేటు అడిగినంకనే బేరం జేయుర్రి.

ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు ఇంక ఉన్నదా అని పరివాహన్‌ల నంబర్ కొట్టి జూసుకోర్రి. ఎన్‌వోసీ చేతికి రాకముందే మొత్తం పైసలు కట్టుమంటే, నేనైతే ఆ బండి తాళమే ముట్ట.