స్టెప్నీలో గాలి యున్నదా?

దూరప్రయాణమునకు బయలుదేరు గృహస్థు పెట్రోలు చూచుకొనును, పిల్లల తినుబండారములు చూచుకొనును. సామానుపెట్టె యడుగున నున్న అదనపు చక్రమును మాత్రము చూడడు. మనము దానిని స్టెప్నీ యందుము. మోటారుబండ్లకు అదనపు చక్రమే లేని కాలమున, 1904లో, వేల్సుదేశపు లనెల్లి పట్టణమున స్టెప్నీ వీధిలో డేవీసు సోదరులు దీనిని కల్పించిరి. ఆ వీధిపేరు మన పల్లెల మెకానిక్కుల నోట నేటికిని నిలిచియున్నది. పేరు నిలిచినది గాని గాలి నిలువదు. వాడకున్నను టైరులో గాలి క్రమముగా తగ్గుచునే యుండును. కనుక నెలకొకమారు ఐదవ చక్రమునకును గాలి చూపింపవలెను. కొన్ని బండ్లలో నిది మిగిలినవానికంటె చిన్నది. సాధారణముగా గంటకు 80 కిలోమీటర్లు మించి పోరాదని దానిమీదనే వ్రాసియుండును. మరికొన్నిట అసలే లేదు. మీ బండి యే కోవలోనిదో యింటివద్దనే తెలిసికొనుడు.

గత వర్షకాలమున నరసరావుపేట త్రోవలో మాకు మరియొక పాఠము కలిగినది. చక్రమున గాలి యున్నది, జాకీ యున్నది. కాని రోడ్డుప్రక్క రేగడిలో, బండి లేచుటకు మారుగా జాకీయే దిగబడినది. క్రింద వేయుటకు జానెడు పలక లేకపోయెను! నట్లు పానాకు లొంగలేదు. చక్రము నేలనంటి యుండగనే వానిని సడలించి, పిమ్మట బండి నెత్తవలెనని దారినపోవు లారీ డ్రైవరొకడు, పానాపై కాలుమోపి త్రొక్కి, మాకు నేర్పెను. ఇరువదియేండ్లుగా బండి నడుపుచున్న మాకు!

అది పగలు గనుక సరిపోయినది. రాత్రివేళ పెద్దరోడ్డుపై ఆగిన బండికంటె దాని వెనుక నిలిచిన మనుష్యులకే అపాయ మెక్కువ. గంటకు 100 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు ఒక్క సెకనులో 28 మీటర్లు దాటును. ఎఱ్ఱని త్రికోణమును బండి ప్రక్కనే నిలిపిన ఫలమేమి? సామాన్యమైన త్రోవలో 50 మీటర్లు, అనగా డెబ్బది అడుగులు నడచి, వెనుక నుంచవలెను; జాతీయ రహదారిపై అంతకు రెట్టింపు. స్త్రీలను పిల్లలను ఎడమవైపు తలుపునుండి దింపి, రోడ్డువారనున్న కడ్డీల కావల నిలుపవలెను. మనవారు పలువురు బండి వెనుకనే గుంపుగూడి పంక్చరును చూచుచుందురు. దీపములకు అడ్డముగా నిలుచువారును వారే.

టార్చిలైటు, త్రాగునీరు, ఆ పలక, ఇవి పెట్టెలో నుండవలెను. అత్యవసరమునకు 112, జాతీయ రహదారులపై సహాయమునకు 1033 అను సంఖ్యలను కాగితముపై వ్రాసి అద్దమువద్ద అంటించుడు. సెల్‌ఫోనులో నున్నవి గదా యందురు. అది ఆరిపోయినపుడు ప్రక్కవాని ఫోనునుండి పిలువవలసివచ్చును.