నెత్తురు లెక్క చదవడం ఎలా?

జ్వరం మూడు రోజులైనా తగ్గకపోయినా, ఒంట్లో నీరసంగా ఉందన్నా, ఆపరేషన్ చెయ్యాలన్నా, గర్భిణి మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినా డాక్టరుగారు ముందుగా రాసే మూడక్షరాలు “సీబీపీ”. కంప్లీట్ బ్లడ్ పిక్చర్ అని దాని పూర్తి పేరు. మనవైపు వాడుకలో ఉన్నది ఈ పేరు. చాలాచోట్ల దీన్నే సీబీసీ అంటారు. పేరు ఏదైనా పరీక్ష ఒకటే.

నేను చాలాకాలం రక్తపరీక్షల పనిలోనే గడిపాను. ఇప్పుడు తూప్రాన్‌లో విశ్రాంతిగా ఉంటున్నాను. సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని మా ఇంటికి రావడం పరిపాటి. “సారూ, గీ నల్లగ అచ్చేసినయి ఏంది? పిల్లకు ఏం కాదు గద?” అని అడుగుతారు. నేను డాక్టరును కాను, మందు చెప్పను. కాని ఆ కాగితంలో ఏ అంకె దేని సంగతి చెబుతున్నదో చెప్పగలను. అది తెలిస్తే ఇంటిల్లిపాదికీ రెండు కీడులు తప్పుతాయి. ఒకటి, ఊరికే హడలిపోవడం. రెండవది, నిజంగా భయపడవలసినప్పుడు ఉపేక్ష చెయ్యడం. ఈ రెండవది మరీ ప్రమాదకరం.

గళ్ల అద్దం నుంచి యంత్రం దాకా

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. అందులో రెండు మూడు మిల్లీలీటర్లు తీసి ఊదారంగు మూత ఉన్న గొట్టంలో పోస్తారు. రక్తం గడ్డకట్టకుండా అందులో ఒక మందు ఉంటుంది. ఈ పరీక్షకు పరగడుపున ఉండనక్కరలేదు.

పూర్వం ఈ లెక్కంతా చేత్తోనే చేసేవాళ్లం. రక్తాన్ని రెండువందల రెట్లు పలచన చేసి, సన్నని గళ్లు గీసిన అద్దం మీద ఒక బొట్టు వేసి, సూక్ష్మదర్శినిలో ఐదు గళ్లలోని ఎర్ర కణాలను ఎంచేవాళ్లం. వచ్చిన సంఖ్యకు నాలుగు సున్నలు చేర్చితే ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలోని ఎర్ర కణాల లెక్క వస్తుంది. 450 కణాలు కనిపిస్తే 45 లక్షలన్నమాట. కళ్లు పీకేవి, పొద్దు గడిచేకొద్దీ లెక్క తప్పే భయం కూడా ఉండేది.

ఈ అవస్థ తీర్చినవాడు అమెరికాకు చెందిన వాలెస్ కూల్టర్. ఉప్పునీటిలో కలిపిన రక్తాన్ని సన్నని రంధ్రం గుండా పంపుతూ, ఆ రంధ్రంలో విద్యుత్తు ప్రవహించేటట్లు చేశాడాయన. ఒక్కొక్క కణం దాటినప్పుడల్లా విద్యుత్తుకు చిన్న అడ్డు తగులుతుంది. అడ్డులను లెక్కిస్తే కణాల సంఖ్య వస్తుంది. అడ్డు ఎంత పెద్దదో చూస్తే కణం పరిమాణం తెలుస్తుంది. 1953లో ఆయనకు ఈ పద్ధతి మీద పేటెంటు లభించింది. ఈనాటి యంత్రాలలో కూడా మూలసూత్రం చాలామటుకు అదే.

పరీక్ష కోసం అందరూ పట్నం పోవలసిన పని కూడా ఇప్పుడు లేదు. నమూనా స్థానికంగా తీసి పెద్ద ల్యాబుకు పంపి, ఫలితం ఉచితంగా తెలియజేసే ప్రభుత్వ ఏర్పాటు 2018లో హైదరాబాదులో ప్రారంభమైంది. 2021 జూన్‌లో మెదక్‌తో సహా 19 జిల్లాల్లో అటువంటి కేంద్రాలు తెరిచారు. అయితే కాగితం సులభంగా చేతికి వచ్చినంత మాత్రాన దాని భావం సులభంగా తెలియదు గదా!

నల్ల అచ్చు చూసి బెదరకండి

ప్రతి అంకె పక్కనా “ఇంత నుంచి ఇంత వరకు” అని ఒక హద్దు ఉంటుంది. హద్దు దాటిన అంకెను నల్లగా అచ్చు వేస్తారు; లేదా పక్కన నక్షత్రం పెడతారు. ఈ హద్దు ఎక్కడిది? ఆరోగ్యంగా ఉన్న ఎంతోమందికి పరీక్ష చేసి, వారిలో నూటికి 95 మంది అంకెలు ఇమిడే మేరను హద్దుగా తీసుకుంటారు. అంటే ఏ జబ్బూ లేని ఇరవైమందిలో ఒకరి అంకె హద్దు బయట పడడం ఆ ఏర్పాటులోనే ఉంది. సీబీపీలో ఇరవైకి అటూ ఇటూ అంకెలుంటాయి. ఒకటి అరా కాస్త అటో ఇటో కావడం వింత కాదు. పైగా పసిపిల్లలకు, స్త్రీలకు, పురుషులకు, గర్భిణులకు హద్దులు వేరువేరు. పిల్లవాడి అంకెను పెద్దవాళ్ల హద్దుతో పోల్చి దిగులుపడేవాళ్లను ఎందరినో చూశాను.

అందుచేత ఏ అంకెనూ ఒంటరిగా చదవకూడదు. పక్క అంకెతో కలిపి, పాత కాగితంతో పోల్చి, ఎదుట ఉన్న మనిషిని చూసి చదవాలి. కొన్ని ఉదాహరణలు చెబుతాను.

హిమోగ్లోబిన్: ఇంటి ఇల్లాలి సంగతి

ఎర్ర కణాలలో ఉండే హిమోగ్లోబిన్ ఒళ్లంతటికీ ప్రాణవాయువు మోసుకుపోతుంది. పురుషులకు 13, స్త్రీలకు 12, గర్భిణులకు 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులే. ఐదేళ్లలోపు పిల్లలలో నూటికి 70 మంది. అదే వయసు పురుషులలో మాత్రం నూటికి 15 మంది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండిన అన్నం తినేవాళ్లలో ఇంత తేడా ఎందుకు? నెలనెలా రక్తస్రావం, వెంటవెంట కాన్పులు ఒక కారణమైతే, అందరూ తిన్న తరువాత మిగిలింది తినే అలవాటు మరొకటి.

హిమోగ్లోబిన్ 8 ఉన్నా “నీరసమే కదా” అని ఇల్లాలు పనులు చేసుకుంటూ పోతుంది. తప్పనిసరి అయితే ఎక్కడికో వెళ్లి గ్లూకోజు సీసా ఎక్కించుకుని వస్తుంది. ఆ సీసాలో ఉన్నది నీరు, చక్కెర, కాస్త ఉప్పు. దానివల్ల కొత్తగా ఒక్క ఎర్ర కణమైనా పుట్టదు. ఎర్ర కణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ఇనుము మాత్రలు వేసుకున్నా నెలల తరబడి వేసుకోవలసిందే. అంకె బాగుపడిన తరువాత కూడా ఒంట్లో నిల్వ చేరేటందుకు సుమారు మూడు నెలలు కొనసాగించమంటారు. మాత్ర వేసుకున్న గంటలో టీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మరసం తోడైతే బాగా పడుతుంది.

ఒక్క మాట మరవకండి. వయసు మళ్లిన పురుషుడికో, నెలసరి ఆగిన స్త్రీకో ఇనుము తగ్గితే మాత్రలతో సరిపెట్టకూడదు. కడుపులోనో పేగులలోనో రక్తం కారుతున్నదేమో డాక్టరు వెతికి చూడాలి.

కణం చిన్నదా, పెద్దదా?

హిమోగ్లోబిన్ కింద “ఎంసీవీ” అనే అంకె ఉంటుంది. అది ఎర్ర కణం సగటు పరిమాణం. మామూలుగా 80 నుంచి 100. ఇనుము చాలకపోతే కణాలు చిన్నవైపోయి ఇది 80 లోపుకు దిగుతుంది. ఫోలిక్ ఆమ్లమో, బీ12 విటమినో చాలకపోతే కణాలు ఉబ్బి 100 దాటుతుంది.

ఈ ఫోలిక్ ఆమ్లం కథలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తన సోదరులను స్ప్రూ అనే జబ్బుకు పోగొట్టుకున్నారు. విరేచనాలతో మొదలై రక్తాన్ని క్షీణింపజేసే జబ్బది. తరువాత ఆయన అమెరికా వెళ్లి లెడర్లే సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందు అయింది. ఈవేళ మన గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. అయితే ఎంసీవీ 100 దాటినప్పుడు సొంతంగా ఫోలిక్ మాత్రలు మింగకూడదు సుమా! లోపం బీ12ది అయితే రక్తం బాగుపడినట్లు కనిపిస్తుంది గాని లోలోపల నరాలు చెడిపోతాయి.

పెళ్లికి ముందు ఈ అంకె చూడండి

ఎంసీవీ బాగా తక్కువగా ఉండి, ఎర్ర కణాల సంఖ్య మాత్రం తగ్గకుండా యాభై లక్షలు దాటి ఉన్నదనుకోండి. అప్పుడది ఇనుము లోపం కాకపోవచ్చు. తలసీమియా లక్షణం పుట్టుకతో వచ్చి ఉండవచ్చు. ఆ మనిషికి ఏ బాధా ఉండదు. కాని భార్యాభర్తలు ఇద్దరికీ ఆ లక్షణమే ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు అసలు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ బిడ్డకు కొన్ని వారాలకు ఒకసారి, జీవితాంతం రక్తం ఎక్కించవలసి వస్తుంది. మేనరికాలు చేసుకునే మన కుటుంబాలలో ఈ సంగతి మరీ తెలిసి ఉండాలి. అనుమానం తీర్చుకునేటందుకు హిమోగ్లోబిన్ ఏ2 అనే మరొక పరీక్ష ఉంది. జాతకాలు చూపించుకునేవాళ్లు ఈ కాగితం కూడా ఒకసారి చూపించుకుంటే నష్టం లేదు గదా!

తెల్ల కణాలు

ఇవి శరీరానికి కాపలావాళ్లు. పెద్దవాళ్లకు 4,000 నుంచి 11,000. చీము పట్టినా, న్యుమోనియా వంటివి వచ్చినా పెరుగుతాయి. డెంగ్యూ, టైఫాయిడ్ జ్వరాలలో తరచు తగ్గుతాయి. ఇస్నోఫిల్స్ అనేవి పెరిగితే ఎలర్జీయో, కడుపులో నులిపురుగులో కావచ్చు. ఇవన్నీ సర్వసాధారణం. కాని లెక్క అరలక్షకో లక్షకో పోయినా, “బ్లాస్టు కణాలు” అని రాసి ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. అది రక్తపు క్యాన్సరు జాడ కావచ్చు. అయినా నిరాశపడవద్దు. పిల్లలలో ఆ క్యాన్సరును తాత్కాలికంగానైనా వెనక్కు తగ్గించవచ్చని 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ చూపించారు. అందుకు వాడిన అమినోప్టెరిన్ కూడా సుబ్బారావుగారి బృందం తయారుచేసినదే. ఈనాడు సరైన చికిత్స అందితే ఎంతోమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటున్నారు.

ప్లేట్‌లెట్ల భయం

వానాకాలం వస్తే మా తూప్రాన్‌లో అందరి నోటా ప్లేట్‌లెట్ల మాటే. మామూలుగా ఒకటిన్నర లక్ష నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. డెంగ్యూలో లక్షకు దిగగానే కారు మాట్లాడుకుని నాగపూరు రోడ్డు మీద హైదరాబాదు బయలుదేరేవాళ్లున్నారు. రక్తస్రావం లేకుండా నిలకడగా ఉన్న రోగికి, లెక్క పదివేలకు దిగేదాకా సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కరలేదు.

మరి ఏది చూడాలి? పక్కనే ఉన్న “హిమటోక్రిట్” అనే అంకె చూడాలి. ప్లేట్‌లెట్లు పడిపోతూ, హిమటోక్రిట్ రోజురోజుకూ పెరుగుతున్నదంటే రక్తనాళాల నుంచి నీరు బయటకు ఊరిపోయి రక్తం చిక్కబడుతున్నదన్నమాట. డెంగ్యూలో ఎక్కువగా ప్రాణం తీసేది ఇదే. విచిత్రమేమిటంటే ఇది జ్వరం దిగిన రోజుల్లోనే జరుగుతుంది. “జ్వరం తగ్గింది, ఇంక భయం లేదు” అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయమది. అప్పుడు తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మగతగా పడి ఉండడం, మూత్రం తగ్గడం కనిపిస్తే, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నా సరే, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. బొప్పాయి ఆకు రసం తాగిస్తూ కూర్చోకూడదు. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి వెయ్యకూడదు.

మరొక ముచ్చట. కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు ఊదామూత గొట్టంలోని మందుకు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. యంత్రం ఆ ఉండలను లెక్కపెట్టలేదు. ఇరవైవేలే ఉన్నాయని చూపుతుంది. మనిషి చూస్తే నిక్షేపంగా తిరుగుతుంటాడు. అటువంటప్పుడు అద్దం మీద రక్తం పూసి కంటితో చూస్తే గుట్టు తెలుస్తుంది. నీలంమూత గొట్టంలో మళ్లీ తీసి పరీక్ష చేస్తే చాలామటుకు సరైన లెక్క వస్తుంది. యంత్రం వచ్చినా సూక్ష్మదర్శినిని అటకెక్కించకపోవడానికి ఇదొక కారణం.

ఇంట్లో చేయవలసిన పని

ఇంటికొక అట్టఫైలు పెట్టండి. ఒక్కొక్కరి కాగితాలు తేదీల వారీగా అందులో పెట్టండి. ఫోనుకు వచ్చినవాటిని అచ్చు తీయించండి. పోయినేడు 13 ఉన్న హిమోగ్లోబిన్ ఈ ఏడు 11 అయిందన్న సంగతి ఒక్క కాగితం చూస్తే తెలియదు. రెండూ పక్కపక్కన పెడితే డాక్టరుగారికి క్షణంలో తెలుస్తుంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ ఫైలుతోపాటు, వాడుతున్న మందుల చీటీ కూడా పట్టుకువెళ్లండి. ఫైలులో మొదటి కాగితం ఇంటి ఇల్లాలిది కావాలని నా మనవి. మన ఇళ్లలో అందరి తరువాత పరీక్ష చేయించుకునేది ఆవిడే.