కుమ్మరి ఆవం నుంచి ఉక్కు కొలిమి దాకా: పరిశ్రమ పెరిగితే పని ఎలా మారుతుంది?

రాయ్‌పూర్ నుంచి భిలాయ్‌కి జాతీయ రహదారి మీద వెళ్తుంటే నడుమ కుమ్హారి అనే చిన్న పట్టణం వస్తుంది. ఆ పేరు వినగానే తెలుగువారికి కుమ్మరి గుర్తుకు రావడం సహజం. హిందీలో కుమ్హార్ అన్నా కుమ్మరే. అక్కడి నుంచి కొద్ది దూరం పడమరకు వెళితే దేశంలోని అతిపెద్ద ఉక్కు కర్మాగారాల్లో ఒకటైన భిలాయ్ ఉక్కు కర్మాగారం ఎదురవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ కర్మాగారాన్ని నమ్ముకుని ఇక్కడే స్థిరపడ్డాయి.

కుమ్మరి మట్టిని కాలుస్తాడు. భిలాయ్ ఖనిజాన్ని కరిగిస్తుంది. రెండింటికీ ముడిసరుకు, ఇంధనం, కొలిమి, నైపుణ్యం కావాలి. అయితే ఒక మనిషి చేతిలో ఉన్న పని వేలమంది చేతుల్లోకి వెళ్లినప్పుడు దాని స్వరూపమే మారిపోతుంది. ఆ మార్పు ఎలా జరుగుతుంది, దానివల్ల ఏం మిగులుతుంది, ఆ మిగులు ఎవరికి లాభం, ఎవరికి భారం అన్నవి ఉత్పాదకత గురించి మాట్లాడే ప్రతిచోటా అడగవలసిన ప్రశ్నలు.

పెద్ద కొలిమి వల్ల లాభం

కుమ్మరి ఒక్కొక్క కుండను విడిగా కాల్చడు. ఆవం నిండేదాకా ఆగి, అన్నిటినీ ఒకేసారి కాలుస్తాడు. ఇందులో ఒక లెక్క ఉంది. కొలిమి పొడవు, వెడల్పు, ఎత్తులను రెండింతలు చేస్తే దాని గోడల వైశాల్యం నాలుగింతలు అవుతుంది. లోపలి చోటు మాత్రం ఎనిమిదింతలు అవుతుంది. వేడి పోయేది గోడల గుండా, సరుకు పట్టేది లోపలి చోటులో. అందుకే పెద్ద కొలిమిలో ఒక్కో కుండకు పట్టే ఇంధనం తగ్గుతుంది.

భిలాయ్ చరిత్రలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఏడాదికి 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 1967 నాటికి 25 లక్షల టన్నులకు, 1988 నాటికి 40 లక్షల టన్నులకు విస్తరించింది. తొలి మూడు కొలుముల పరిమాణం ఒక్కొక్కటి 1,033 ఘనపు మీటర్లు. 2018లో పని మొదలుపెట్టిన ఎనిమిదో కొలిమి పరిమాణం 4,060 ఘనపు మీటర్లు. అంటే పాత కొలుములు దాదాపు నాలుగు కలిసినంత. నాలుగు కొలుములకు నాలుగు వరుసల పరికరాలు, నాలుగు బృందాలు కావాలి. ఒకే పెద్ద కొలిమికి ఒక వరుస చాలు.

అయితే ఇందులోనే ఒక చిక్కు ఉంది. నాలుగు చిన్న కొలుముల్లో ఒకటి ఆగినా మూడు నడుస్తాయి. ఒకే పెద్ద కొలిమి ఆగితే దాని మీద ఆధారపడిన విభాగాలన్నీ చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

పనిని పంచుకోవడం

కుమ్మరి మట్టి తొక్కడం, సారె తిప్పడం, కుండను చరచడం, ఆరబెట్టడం, కాల్చడం అన్నీ తన కుటుంబంతోనే చేసుకుంటాడు. సంస్థ పెరిగిన కొద్దీ ఈ పనులు విడిపోతాయి. 1776లో స్కాట్లండ్ ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ గుండుసూదుల తయారీని ఉదాహరణగా చూపారు. పదిమంది పనిని దశలుగా పంచుకుంటే రోజుకు 48,000 సూదులు తయారవుతాయని, అన్ని దశలూ ఒక్కరే చేస్తే రోజుకు ఇరవై కూడా కష్టమేనని ఆయన వివరించారు.

భిలాయ్‌లో ఈ పంపకం ఎంత విస్తారమైనదో చూడండి. ఇనుప ఖనిజం దల్లీ రాజ్‌హరా గనుల నుంచి, సున్నపురాయి నందిని నుంచి, డోలమైట్ హిర్రీ నుంచి వస్తాయి. బొగ్గును కోక్ ఓవెన్లలో కోక్‌గా మారుస్తారు. వీటన్నిటితో బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన ఇనుము తయారవుతుంది. దాన్ని ఉక్కుగా మార్చి, అచ్చుపోసి, మిల్లుల్లో సాగదీసి రైలు పట్టాలు, పలకలు, కడ్డీలు చేస్తారు.

గనులు సొంతమైతే ముడిసరుకు ధర, నాణ్యత సంస్థ అదుపులో ఉంటాయి. ఈ సంగతి విశాఖ ఉక్కు గురించి తెలిసిన తెలుగువారికి విడమరిచి చెప్పనక్కరలేదు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఆ కర్మాగారం సొంత ఇనుప గనులు లేకుండానే నడుస్తూ వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఖనిజాన్నే ఎక్కువగా కొనుక్కుంటుంది. సముద్ర తీరాన ఉండడం వల్ల విదేశీ బొగ్గు ఓడల్లో నేరుగా చేరడం విశాఖకు అనుకూలం. ఖనిజానికి ధర చెల్లించవలసి రావడం మాత్రం దానిపై భారం. యంత్రాలు ఎంత మంచివైనా సరే, ముడిసరుకు దారి సరిగా లేకపోతే ఆ లోటు లెక్కల్లో తేలుతుంది.

ఇరుకు ఎక్కడ ఉంది?

పనిని దశలుగా విడగొట్టిన తరువాత అసలు సమస్య వాటిని కలిపి నడపడం. ఒక ఉదాహరణ తీసుకుందాం. గంటకు కొలిమి 300 టన్నుల ఇనుము ఇవ్వగలదని, ఉక్కు విభాగం 250 టన్నులు తీసుకోగలదని, మిల్లు 280 టన్నులు సాగదీయగలదని అనుకోండి. కర్మాగారం మొత్తం నుంచి బయటికి వచ్చేది గంటకు 250 టన్నులే. మిల్లు సామర్థ్యాన్ని 400కు పెంచినా ఒక్క టన్ను కూడా అదనంగా రాదు. ఇరుకు ఉన్నది ఉక్కు విభాగంలో కనుక ముందు వెడల్పు చేయవలసింది దాన్నే. కాలువలో నీరు అతి సన్నని తూము పట్టినంతే పారుతుందన్న సంగతి రైతులందరికీ తెలుసు.

భిలాయ్‌లో మొదట్లో ఉక్కును ఓపెన్ హార్త్ కొలుముల్లో చేసేవారు. ఒక్క విడత ఉక్కు తయారు కావడానికి గంటల తరబడి పట్టేది. 1980లలో ఆక్సిజన్‌ను ఊదే కన్వర్టర్లు వచ్చాయి. వీటిలో అదే పని గంటలోపే పూర్తవుతుంది. మరొక మార్పు అచ్చుపోతలో జరిగింది. పాత పద్ధతిలో ఉక్కును దిమ్మెలుగా పోసి, చల్లార్చి, మళ్లీ వేడిచేసి సాగదీసేవారు. నిరంతర అచ్చుపోతలో కరిగిన ఉక్కు ఒక వైపు నుంచి దిగుతూ ఉంటే గట్టిపడిన ఉక్కు మరోవైపు నుంచి వస్తూ ఉంటుంది. ఇందువల్ల ఒక వేడిమి దశ, దానికయ్యే ఇంధనం, కత్తిరింపులో పోయే తరుగు మిగులుతాయి.

సామర్థ్యం ఫలితం కొన్నిసార్లు కర్మాగారం గేటు దాటాకే తెలుస్తుంది. ఒకప్పుడు మన రైలు పట్టా ముక్క ప్రామాణిక పొడవు 13 మీటర్లు. ఒక కిలోమీటరు పట్టాకు సుమారు 77 ముక్కలు కావాలి. ఇప్పుడు భిలాయ్‌లో 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా సాగదీసి, అలాంటివి రెండు అతికి 260 మీటర్ల పొడవుతో పంపుతున్నారు. కిలోమీటరుకు నాలుగు ముక్కలు చాలు. అతుకు ఉన్నచోటే పట్టా బలహీనపడే అవకాశం ఎక్కువ. అతుకులు తగ్గితే రైల్వేకు మరమ్మతు ఖర్చూ, ప్రయాణికుడికి ప్రమాదమూ తగ్గుతాయి.

పొదుపు ఎవరి ఖాతాలో?

ఇంతవరకూ చెప్పుకున్నది యంత్రాల సంగతి. పని తీరు మారితే మనుషుల జీవితాలూ మారతాయి. 1913లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ కదిలే వరుస మీద కార్లు బిగించడం మొదలుపెట్టాక, పన్నెండు గంటలకు పైగా పట్టే ఛాసిస్ బిగింపు గంటన్నరకు తగ్గింది. కానీ రోజంతా ఒకే పని చేయలేక కార్మికులు మానేసి వెళ్లసాగారు. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించడానికి అదొక ముఖ్య కారణం.

భిలాయ్‌కు ఖనిజం పంపే దల్లీ రాజ్‌హరాలో ఈ ప్రశ్న మరింత తీవ్రంగా ముందుకొచ్చింది. అక్కడి గనుల్లో వేలాది కాంట్రాక్టు కార్మికులు చేతులతోనే ఖనిజం తవ్వి ఎత్తేవారు. పూర్తిగా యంత్రాలు వస్తే వారికి పని ఉండదు. 1977లో ఏర్పడిన గని కార్మిక సంఘానికి నాయకుడైన శంకర్ గుహా నియోగి యంత్రాలను మొత్తంగా కాదనలేదు. కొన్ని పనులకు యంత్రాలు, కొన్నిటికి మనుషులు ఉండే పాక్షిక యాంత్రీకరణను సంఘం ప్రతిపాదించింది. ఖర్చు లెక్కలో ఉపాధిని కూడా చేర్చాలన్నది దాని సారాంశం. తరువాతి కాలంలో భిలాయ్ ప్రైవేటు పరిశ్రమల్లోని కాంట్రాక్టు కార్మికుల పక్షాన పోరాడుతుండగా 1991 సెప్టెంబరు 28న నియోగి హత్యకు గురయ్యారు.

ఆ ప్రశ్న నేటికీ తీరలేదు. 1980లలో భిలాయ్ సంస్థకు 60 వేలకు పైగా శాశ్వత ఉద్యోగులు ఉండేవారు. ఉత్పత్తి పెరిగింది, శాశ్వత ఉద్యోగుల సంఖ్య మాత్రం అందులో సగానికి కూడా చాలనంతగా తగ్గింది. చాలా పనులు కాంట్రాక్టు కార్మికుల చేతికి వచ్చాయి. భిలాయ్‌ను ఏళ్ల తరబడి పరిశీలించిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ ఇక్కడివారు వాడే రెండు మాటలను ప్రత్యేకంగా పేర్కొన్నారు. శాశ్వత ఉద్యోగం ‘నౌకరీ’; మిగిలినదంతా ‘కామ్’. ఒకే ప్రాంగణంలో పనిచేసే ఇద్దరి మధ్య జీతం, వైద్యం, ఇల్లు, పిల్లల చదువు అన్నిటిలోనూ ఆ రెండు మాటలకున్నంత దూరం ఉంది. తలకు ఇన్ని టన్నులు అని ఉత్పాదకతను లెక్కించేటప్పుడు కాంట్రాక్టు కార్మికుల తలలను వదిలేస్తే లెక్క అందంగా కనిపిస్తుంది, కానీ నిజం కాదు.

ఒక్క పెట్టు

‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అని సామెత. ఏడాది శ్రమను ధ్వంసం చేయడానికి ఒక్క దెబ్బ చాలు. ఒకదానితో ఒకటి బిగుతుగా ముడిపడిన పెద్ద కర్మాగారానికి ఇది బాగా వర్తిస్తుంది. 2014 జూన్ 12న భిలాయ్‌లో నీటి పంపుల వద్ద లోపం తలెత్తి ఒత్తిడి పడిపోవడంతో, కొలిమి విషవాయువు గొట్టాల్లో వెనక్కి మళ్లి పంపుహౌస్‌లోకి చొరబడింది. ఉన్నతాధికారులు సహా ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల గ్యాసు గొట్టం వద్ద మరమ్మతు సమయంలో మంటలు చెలరేగి పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

వృథాను తగ్గించడం సామర్థ్యానికి మూలమే. అయితే వృథాగా కనిపించేదంతా వృథా కాదు. అత్యవసర సమయానికి సిద్ధంగా ఉన్న రెండో పంపు, మరమ్మతు కోసం యంత్రాన్ని ఆపిన గంట, కొత్త కార్మికుడికి శిక్షణ ఇచ్చిన వారం, ఇవేవీ ఆ రోజు ఉత్పత్తి లెక్కలో కనిపించవు. అవి లేకపోతే ఏమవుతుందో ప్రమాదం జరిగిన రోజున తెలుస్తుంది.

కుమ్హారిలో చిన్న వర్క్‌షాపు నడిపేవారికైనా, భిలాయ్ మిల్లును నడిపేవారికైనా విస్తరణకు ముందు వేసుకోవలసిన ప్రశ్నలు మూడే. సరుకు ఎక్కడ ఆగి ఎదురుచూస్తోంది? తగ్గిన ఖర్చు నిజంగా తగ్గిందా, లేక మరొకరి నెత్తిన పడిందా? ఒక భాగం ఆగినప్పుడు మిగిలినవాటిని, అక్కడి మనుషులను కాపాడే ఏర్పాటు ఉందా? కుమ్మరికి ఈ మూడింటి జవాబులూ తన ఇంట్లోనే దొరుకుతాయి. పెద్ద సంస్థ వాటిని గనిలో, కొలిమి దగ్గర, కాంట్రాక్టు కార్మికుడి హాజరు పట్టీలో వెతకవలసి ఉంటుంది.