రెండు ధ్రువపత్రాల నడుమ మనిషి

కుల ధ్రువపత్రం తహసీల్దారు కార్యాలయంలో దొరుకుతుంది. వైకల్య ధ్రువపత్రం కావాలంటే సదరం శిబిరానికి వెళ్లాలి. ఆ రెండూ ఒకే విద్యార్థి చేతిలో ఉన్నప్పుడు ఏం జరుగుతుందని మన ప్రభుత్వాలు అడగవు. మానసిక ఆరోగ్య విధానాలపై పరిశోధన చేస్తున్న నన్ను వదలని ప్రశ్న అదే.

చట్టం మాట బాగానే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక రుగ్మత ఒకటి. వైకల్యం 40 శాతానికి తగ్గనివారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో మానసిక రుగ్మత, ఆటిజం వంటివాటన్నిటికీ కలిపి దక్కేది 1 శాతమే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చికిత్సలో కులం, వర్గం, వైకల్యం ఆధారంగా వివక్ష కూడదని పేరుపెట్టి మరీ చెప్పింది.

అయితే ఆ 40 శాతాన్ని కొలిచేదెలా? 'ఐడియాస్' అనే కొలమానం స్వీయ సంరక్షణ, ఇతరులతో సంబంధాలు, సంభాషణ-అవగాహన, పని అనే నాలుగు అంశాలను చూస్తుంది. జబ్బు ఎన్నాళ్లుగా ఉన్నదన్నదీ లెక్కలోకి వస్తుంది. 'ఇతరులతో సంబంధాలు' అన్న గడి దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. జబ్బు మనుషులకు దూరం చేసిన విద్యార్థికీ, జబ్బుకు తోడు పక్కన ఎవరూ కూర్చోక ఒంటరైన దళిత విద్యార్థికీ అక్కడ పడేది ఒకే అంకె. తరగతి గదిలో కులం చేసిన పని ఆ విద్యార్థి అశక్తతగా నమోదవుతుంది.

గణాంకాల సంగతి మరీ విచిత్రం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. ఆత్మహత్యలపై జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రచురించే నివేదికలో వయసు, చదువు, వృత్తి, ఆదాయం ఉంటాయి. కులం పట్టిక మాత్రం ఉండదు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం దేశాన్ని కుదిపిన తరువాతా అది మారలేదు.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలన్నది. అణగారిన వర్గాల విద్యార్థులతో, వికలాంగ విద్యార్థులతో వివక్ష లేకుండా మెలిగేలా సిబ్బందికి శిక్షణ ఇమ్మన్నది. కౌన్సెలర్ నియామకం ఫొటోలో కనిపిస్తుంది; శిక్షణ కనిపించదు. ఏది ముందు అమలవుతుందో ఊహించడం కష్టం కాదు. 'నీ ర్యాంకెంత?' అన్న ప్రశ్న వెనుక కులం ఉందని తెలియని కౌన్సెలర్ 'పట్టించుకోకు' అని పంపేస్తారు.

మన ఉద్యమాలతోనూ ఒక పేచీ ఉంది. ఇది జబ్బు కాదు, వివక్ష అంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ బైపోలార్‌తోనో స్కిజోఫ్రీనియాతోనో బతుకుతున్న దళిత యువతి ఆ మాట విని, తన మందుల సంగతి మన మధ్య చెప్పుకోలేకపోతుంది. ప్రత్యర్థిని 'పిచ్చివాడు' అని తిట్టే నినాదాలు మన గోడల మీదా ఉన్నాయి.

మానసిక రుగ్మతతో సదరం శిబిరాలకు వచ్చినవారెందరు, పత్రం దొరికినవారెందరు, తిప్పి పంపినవారెందరు, వారిలో ఎస్సీ, ఎస్టీ, బీసీలెందరు? జిల్లాలవారీగా ఈ లెక్క ప్రచురించాలని విద్యార్థి సంఘాలు రెండు ప్రభుత్వాలనూ అడగవచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు.