మూలబడిన సాఫ్టువేరు

పూడిన చెరువు నలుగురు తట్టలు పట్టినగాని బాగుపడదని వికారాబాదు, తాండూరు ప్రాంతములవారికి నేను చెప్పనక్కరలేదు. కంప్యూటరు సాఫ్టువేరును అంతియే.

అచ్చుపుట బొమ్మనుండి అక్షరములను గుర్తించు ‘టెసరాక్టు’ను హ్యూలెట్ పాకార్డు సంస్థవారు 1985 మొదలు 1994 వరకు నిర్మించిరి. పిమ్మట నది మూలబడెను. సాఫ్టువేరునకు మూలపాఠమనగా యంత్రమునకిచ్చు ఆజ్ఞల వ్రాత. అది దాచబడియున్నంతకాలము దిద్దుట యజమానికే సాధ్యము. 2005లో వారు దానిని లోకమునకు విడిచిరి. 2006లో గూగుల్ సంస్థ చేయూతనిచ్చెను. నేడు ముఖ్యముగా స్వచ్ఛంద సేవకులే దానిని కాపాడుచున్నారు.

అది తెలుగును చదువును గాని వత్తులకడ తడబడును. తప్పు చదివిన పుటకు సరియైన పాఠము చేర్చి పంపుటయు సేవయే. ఆజ్ఞలు వ్రాయుట పిల్లలెరుగుదురు. పాత అచ్చు మీరెరుగుదురు. ఇరువురును కలిసిననే మన పాతగ్రంథములు నిలుచును.