తాత తుపాకి పుట్టుపూర్వోత్తరాలు

వారసత్వంగా పాత జోడుగొట్టాల తుపాకి వచ్చినవాళ్లు మొదట దాని పక్కన చెక్కిన పేరు చదువుతారు. అంతకంటే నమ్మరాని సాక్ష్యం ఆ తుపాకి మీద మరొకటి ఉండదు. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ గడియారాలు, నగలతోపాటు తుపాకులూ అమ్మేది. వాటి మీద ఉండేది దుకాణం పేరే. ఇలాంటి దుకాణాల సరుకు చాలావరకు బర్మింగ్‌హామ్ పనివాళ్ల చేతుల్లో తయారయ్యేది. ‘డబ్ల్యూ. రిచర్డ్స్’ అని చెక్కిన బెల్జియం తుపాకులు అమెరికాలో చవగ్గా దొరికేవి. బర్మింగ్‌హామ్‌లో పేరుమోసిన వెస్ట్లీ రిచర్డ్స్ వాళ్లవే అనుకుని కొన్నవాళ్లు ఎందరో!

పేరు వదిలేసి రూపం చూద్దాం. వెనకవైపు మడతపడి తెరుచుకునే తుపాకిని 1830లలో పారిస్‌లో లెఫోషూ రూపొందించాడు. తూటా పక్కనుంచి పొడుచుకొచ్చిన చిన్న సూది మీద సుత్తి పడేది. 1851 లండన్ మహా ప్రదర్శనలో దాన్ని చూసి ఇంగ్లిష్ పనివాళ్లు మేలుకున్నారు. పదేళ్లకల్లా తూటా మధ్యలో పేలే పద్ధతి వచ్చింది. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్‌లో పనిచేసే ఆన్సన్, డీలీ అనే ఇద్దరు సుత్తుల్ని లోపలికి దాచేశారు. గొట్టాలను వంచితే చాలు, ఆ బరువుకే లోపలి సుత్తులు ఎక్కుపెట్టుకుంటాయి. కాబట్టి బయట సుత్తులుంటే 1875కు ముందుదేనా? కాదు. చవక రకాల్లో బయటి సుత్తులు ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలాకాలం కొనసాగాయి. రూపం చెప్పేది, ఆ పద్ధతి రాకముందు తుపాకి పుట్టి ఉండదని మాత్రమే.

అసలు జాతకం గొట్టాల అడుగున ఉంటుంది. తూటాలు లేవని నిర్ధారించుకున్నాక ముందు చెక్క ఊడదీసి గొట్టాలను తిరగేస్తే చిన్న చిన్న ముద్రలు కనిపిస్తాయి. మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, పగలని గొట్టానికే ముద్ర వేసేవారు. లండన్ తుపాకి పనివాళ్ల సంఘానికి 1637లో రాజపత్రం దక్కింది. బర్మింగ్‌హామ్ పరీక్షాగారం 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఈఎల్‌జీ అక్షరాలుంటే బెల్జియంలోని లియేజ్. ఆ గుడ్డు మీద కిరీటం 1893లో చేరింది. కిరీటం లేకపోతే అంతకు ముందుదన్నమాట.

ఆ ముద్రల పక్కనే 12, 13 వంటి అంకె ఉంటుంది. ఒక పౌను సీసంతో సరిసమానంగా పన్నెండు గుండ్లు పోస్తే, ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం పన్నెండో నంబరు. లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. పదమూడు అంటే 18 మిల్లీమీటర్లు. నాకు ఈ అంకె చాలా ఇష్టం, ఎందుకంటే ఇది తర్వాతి యజమానుల రహస్యాలు బయటపెడుతుంది. పాతకాలపు నల్లటి తుపాకిమందు కాలినప్పుడు సగానికి పైగా ఘన పదార్థంగానే మిగులుతుంది. ఆ మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. ఆ గుంటలు పోవాలని లోపల అరగదీస్తే గొట్టం వెడల్పవుతుంది, గోడ పలచబడుతుంది. బ్రిటిష్ నిబంధన ప్రకారం ముద్రలోని కొలత కంటే అంగుళంలో వెయ్యింట పది వంతులు పెరిగితే ఆ ముద్ర చెల్లదు. అద్దంలా మెరిసే గొట్టం చూసి మురిసిపోయే ముందు దాన్ని కొలిపించాలి.

గొట్టాల మీద సుడుల గీతలుంటే దాన్ని డమాస్కస్ అంటారు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలేసి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి సుత్తితో అతికేవారు. ఆమ్లం రెండు లోహాలనూ ఒకేలా తినదు కాబట్టి గీతలు తేలతాయి. మామూలు ఉక్కు మీద ఆ గీతలు చిత్రించి అమ్మిన మోసాలూ ఉన్నాయి. నిజమైన డమాస్కస్ అయినా, పొగరాని మందుకు పరీక్షించిన ముద్ర లేకుండా నేటి తూటా వేయడం ప్రాణాంతకం. పాత తుపాకుల్లో తూటా గది తరచుగా 65 మిల్లీమీటర్లే. డెబ్బై మిల్లీమీటర్ల తూటా పేలకముందు మడిచి ఉంటుంది కాబట్టి అందులో చక్కగా దూరుతుంది. పేలినప్పుడు విచ్చుకున్న అంచు ముందున్న ఇరుకులో అడ్డుపడి ఒత్తిడిని పెంచేస్తుంది.

ధర పడగొట్టేది ఎక్కువగా వారసులే. గరుకు కాగితంతో తుప్పు గీకడం, కొత్త వార్నిష్, క్షార ద్రావణంలో ఉడికించి వేసే నల్లరంగు. ఆ ద్రావణం జోడుగొట్టాలను కలిపే మెత్తటి టంకాన్ని తినేస్తుంది. గొట్టాలను వేలాడదీసి వేలి కణుపుతో తడితే గుడిగంటలా మోగాలి. మొద్దుగా పలికితే అతుకు వదిలిందని అనుమానించాలి. పర్డీ వంటి సంస్థ తుపాకి అయితే సీరియల్ నంబరు పంపి పాత పద్దుల్లో వెతికించవచ్చు. చవక లియేజ్ తుపాకికి ఆ భాగ్యం లేదు. వందేళ్లు దాటిందన్నంత మాత్రాన దాని విలువ పెరగదు.

మన దేశంలో కొనేవాడికీ లైసెన్సు ఉండాలి, అదీ ధరను నిర్ణయిస్తుంది. 1959 ఆయుధాల చట్టం ఇచ్చే పురాతన మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని వాటికే. పేలేదైతే, లైసెన్సుదారు పోయాక పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి వారసుడు తన పేరున దరఖాస్తు చేసుకోవాలి. 2019 సవరణ తర్వాత వారసత్వపువి కలుపుకొని మనిషికి రెండే తుపాకులు. ఇంట్లో ముగ్గురు తాతల తుపాకులు పోగైతే మూడోది ఎవరికి చేరాలో ముందే తేల్చుకోవాలి.