బరువుబండి, ఇంటి బంగారము

కర్నూలు, కడప ప్రాంతములలో సేద్యముమీదను, చిల్లర బేరముమీదను బ్రతుకు కుటుంబములలో నేడు తరచుగా వినవచ్చుచున్న ప్రశ్న యొకటి కలదు. ఏ బండి కొనవలెను? టాటా ఏసా, దోస్తా, బొలెరో పికప్పా, లేక ఉన్న ట్రాక్టరునకే ట్రాలీ తగిలించుకొందుమా? ఈ చర్చ సామాన్యముగా రచ్చకట్టకడ మొదలై టీ అంగడిలో ముగియును. మెడలోని గొలుసు బ్యాంకునకు చేరవలసిన దినమున మాత్రమే యది ఇంటిలోనికి వచ్చును. బంగార మిచ్చువారికి లెక్క యడుగు హక్కు కూడ కలదని మా యభిప్రాయము. కావుననే ఈ బండ్ల సంగతి మన సోదరీమణులకొరకు వ్రాయుచున్నాము.

పూర్వము ఎద్దులను కొనునపుడు పెద్దలు పండ్లు లెక్కించి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి బేర మాడెడివారు. నేడు ఇంజను చప్పుడు విని తల యూపుచున్నారు. కాని మొదట చూడవలసినది చప్పుడు కాదు, తూకము. ప్రతి బండి రిజిస్ట్రేషను పత్రములోను ఖాళీబండి తూకమును, సరుకుతో కూడిన మొత్తము తూకమును వ్రాసియుండును. రెండవ దానినుండి మొదటిదానిని తీసివేయగా మిగిలినదే ఆ బండి మోయదగిన బరువు. 2005 లో వెలువడిన టాటా ఏస్ ముప్పాతిక టన్ను, అనగా 750 కిలోలు, మోయుటకై చేయబడినది. 2011 లో వచ్చిన అశోక్ లేలాండు వారి దోస్తు సుమారు టన్నుంబావు మోయును. బొలెరో పికప్పులలో 1,300 కిలోలు మొదలు 1,700 కిలోలవరకు మోయు రకములు కలవు. మన రాష్ట్రముననే శ్రీసిటీలో 2016 నుండి తయారగుచున్న ఇసుజు డి-మాక్స్ కూడ ఈ జాతిదే.

ఈ అంకెలు ఇంటి లెక్కలో నెట్లు పనిచేయునో చూతము. బేతంచెర్లనుండియో, యర్రగుంట్లనుండియో నేలబండలు తెప్పించుకొనని యిల్లు మన వైపున అరుదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళము మందము గల బండ సుమారు ఆరుంబావు కిలోలు తూగును. అట్టివి 120 చదరపుటడుగులు, అనగా ఒక చిన్న గదికి సరిపోవునవి, 750 కిలోలగును. ఏస్ బండికి అదియే నిండు భారము. తొట్టిలో పరచినచో నాలుగంగుళముల యెత్తైనను కనబడదు గనుక, తోలువాడు "ఇంకను చోటున్నదమ్మా" యని మరి రెండు గదుల బండలు ఎక్కించును. బండి ఆ దినము నడచును. ఆరు మాసములలో కమాను పట్టీలు కూర్చుండును, టైర్లు అరుగును, బ్రేకులు పట్టు దప్పును. ఆదోని పత్తియు, వేరుశనగ కట్టెయు ఇందుకు విరుద్ధములు. బరువు నిండకమునుపే చోటు నిండిపోవును. వానికి శక్తిగల ఇంజనుకంటె పొడవైన తొట్టి మేలు. కర్నూలు మార్కెట్టునకు ఉల్లి వేయువారు 50 కిలోల బస్తాలు లెక్కించుకొనిన చాలును. ఏసునకు పదునైదు, దోస్తునకు ఇరువదియైదు, పెద్ద బొలెరోకు ముప్పదినాలుగు. పత్తికొండ టమాటా పెట్టెల విషయమున బరువు సరిపోయినను, ఎత్తుగా పేర్చిన అడుగు పెట్టెలు నలిగిపోవునని మరువరాదు.

కావున గత సంవత్సరపు పద్దుపుస్తకము ముందు పెట్టుకొని, ఏ నెలలో ఎన్ని మారులు ఎంత సరుకు తోలించితిమో వ్రాసికొనవలెను. ఏడాదిలో పది దినములు మాత్రమే రెండు టన్నులు తోలు కుటుంబము ఆ పది దినములకై పెద్ద బండి కొనుట మాకు నచ్చదు. ఆ దినములకు బాడుగబండి యున్నది. కంతు మాత్రము బండి కదలినను, కదలకున్నను నెలనెలా కట్టవలసినదే.

ఒక్క పనినే నమ్ముకొని కొనుటయు అపాయమే. మన ప్రభుత్వము 2021 జనవరిలో ఇంటింటికి రేషను బియ్యము చేర్చుటకై 9,260 వాహనములను ప్రారంభించినది. ఎందరో యువకులు వానిమీద జీవనము పెట్టుకొనిరి. 2025 జూను నుండి ఆ యేర్పాటు నిలిచి, బియ్యము మరల చౌకదుకాణములకే చేరినది. ఉల్లి లేనినాడు బండలు, బండలు లేనినాడు సిమెంటు వేయగల తెరపు తొట్టియే సంసారమునకు శ్రేయస్కరము.

ఇక ట్రాలీ మాట. మోయుట వేరు, ఈడ్చుట వేరు. కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడిలో వాన పడినపిమ్మట చిన్న చక్రముల బండి దిగబడును. అచ్చట ట్రాక్టరే గతి. కాని మన ట్రాలీలలో పెక్కింటికి వేరుగా బ్రేకులుండవు. పల్లమున దిగునపుడు వెనుకనున్న బరువు ట్రాక్టరును ముందునకు త్రోయును. అమెరికాలో పికప్పులకు బరువైన ట్రెయిలర్లు తగిలించుట సామాన్యమే గాని, ట్రెయిలరు బ్రేకులు ట్రెయిలరునకే యుండవలెనని అచ్చటి రాష్ట్రములలో పెక్కింట శాసనము కలదు. కడపనుండి రాయచోటికి పోవు గువ్వలచెరువు కనుమ ఎరుగనివా రెవరు? పాలకోవాకు ఎంత పేరో, మలుపులకును అంత పేరు. అట్టి కనుమలలో బరువుబండిని తక్కువ గేరులో, ఇంజనే పట్టి నిలుపునట్లు దింపవలెను గాని, ఊరక బ్రేకు త్రొక్కుచు దింపరాదు. బ్రేకులు వేడెక్కి పట్టు విడుచును.

మిక్కిలి ముఖ్యమైన సంగతి తరువాతిది. పత్తి తీతకును, మిరప కోతకును, పెండ్లిండ్లకును సరుకుబండి తొట్టిలో స్త్రీలను, బిడ్డలను నిలువబెట్టి తీసికొనిపోవుట మన పల్లెలలో నిత్యము చూచుచున్నాము. సరుకుబండిలో ఊరక ఎక్కించుకొనిన ప్రయాణికులకు బీమా కంపెనీ నష్టపరిహార మియ్యనక్కరలేదని 2002 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సరుకు స్వంతదారునకు, అతని ప్రతినిధికి మాత్రమే చట్టములో చోటున్నది. తక్కినవారికి ప్రమాదము జరిగినచో ఆ సొమ్ము బండి యజమాని ఇచ్చుకొనవలసినదే. బంగారముతో ఆగదు, ఇల్లును పొలమును పోవచ్చును. పోయిన ప్రాణములకు వెల కట్టలేము. కూలీ స్త్రీలు "అక్కా, మీ బండిలోనే పోదుము" అని వచ్చినపుడు కాదనుట కష్టమే. ఆటోకు చార్జీ ఇచ్చి పంపుడని మా సలహా.

బరువు మించిన బండి పట్టుబడినచో, చట్టమునకు 2019 లో జరిగిన సవరణ ననుసరించి 20,000 రూపాయలును, అదనపు టన్నొక్కింటికి 2,000 రూపాయలును జుల్మానా. మొత్తము తూకము 3,000 కిలోలకు మించని బండికి పర్మిట్టు అక్కరలేదు. 7,500 కిలోలలోపు బండిని కారు లైసెన్సుతో తోలవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్థిరపరచినది.

బంగారము గృహిణిదైనపుడు బండి కూడ ఆమె పేరనే వ్రాయించుట మాకు న్యాయముగా తోచుచున్నది. అట్లయినచో కోర్టు నోటీసులును ఆమె పేరనే వచ్చును గనుక, బీమా గడువు తేదీని, మొదటి యెనిమిదేండ్లు రెండేండ్ల కొకసారియు, పిదప ఏటేటను తీసికొనవలసిన ఫిట్‌నెస్ పత్రము తేదీని గోడమీది క్యాలెండరులో ఎఱ్ఱసిరాతో గుర్తించుకొనవలెను.